పెళ్లిళ్లలో వాడి వదిలేసిన గుర్రాన్ని తెచ్చుకుంటే మళ్లీ స్వారీకి పనికొస్తుందా?

మీరు రాసిన సంగతి ఇది: ఊరేగింపుల్లో తిప్పి, కుంటిపడ్డాక వదిలేసిన ఆడగుర్రాన్ని చూశారు, మనసు ఆగలేదు. అనంతపురం పక్కన రెండెకరాల చీనీ తోట ఉంది. తెచ్చి సాకితే ఎన్ని నెలల్లో స్వారీకి వస్తుందని మీ ప్రశ్న. నెలల్లో లెక్క వేసుకుంటే మోసపోతారు. సరిగ్గా అలాంటి గుర్రమే 2022 మార్చిలో మా ఇంటికి వచ్చింది. పేరు మల్లి. దానికి మేత వేసేది, గిట్టలు కడిగేది, మళ్లీ నడక నేర్పింది నేనే. అయినా ఇప్పటివరకు ఒక్కసారి కూడా దాని వీపు ఎక్కలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

మాది నార్పల వైపు పల్లె. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని, గుర్రాల గురించి ఓనమాలు తెలియవు. ధైర్యమంతా మా పెద్దనాన్న. ఎనభై దాటాయి, వయసులో ఉన్నప్పుడు గుంతకల్లు స్టేషను ముందు జట్కా తోలారు. అమ్మినాయన "ఎనిమిదేళ్ల పిల్ల" అన్నాడు. పశువైద్యుడు దాని పెదవి పైకెత్తి మూల పన్ను చూపించారు. ఆ పన్ను మీద పదేళ్ల ప్రాంతంలో చిగురు దగ్గర ఒక గాడి మొదలవుతుంది. పదిహేనేళ్లకు సగం దాకా, ఇరవై ఏళ్లకు కొస దాకా దిగుతుంది. మల్లి పన్ను మీద గాడి సగం దాటేసింది. కాబట్టి వయసు విషయంలో ఎవరి మాటా నమ్మకండి, పన్ను చూపించుకోండి.

కొనడానికి ముందు రెండు పనులు. ఒకటి, గుర్రాన్ని మీకు అమ్మినట్టు కాగితం రాయించుకోవడం. పోలీసులు కేసులో పట్టుకున్న గుర్రమైతే కేసు తేలేదాకా అది మీది కాదు, సంరక్షణకు మాత్రమే ఇస్తారు. రెండోది రక్తపరీక్ష. గ్లాండర్స్ అనే రోగం గుర్రాల నుంచి మనుషులకూ అంటుతుంది. గుర్రంలో అది తేలితే చికిత్స ఉండదు, 2009 నాటి పశువుల అంటురోగాల చట్టం ప్రకారం దాన్ని చంపాల్సిందే. నమూనాను పశువైద్యుడి ద్వారా హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించాలి. జోరీగల వల్ల వచ్చే సర్రా రోగానికి కూడా పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని విడిగా కట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, దాని బకెట్ దానికే ఉంచండి. ధనుర్వాతం టీకా మాత్రం ఆలస్యం చేయవద్దు. గుర్రాలకు ఆ జబ్బు ఇట్టే పట్టుకుంటుంది.

ఇక మేత. చాలామంది గుర్రాన్ని చంపుకునేది ఇక్కడే, అదీ ప్రేమతో.

మల్లి వచ్చిన రోజు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. టేపుతో కొలిస్తే ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 145 సెంటీమీటర్లు, భుజం ముందు నుంచి పిరుదు చివర దాకా పొడవు 135. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. దాదాపు 240. నట్టల మందు కూడా ఈ లెక్క మీదే వేయాలి, కంటి అంచనా మీద కాదు. ఎండిపోయిన గుర్రానికి ఒక్కసారిగా గింజలు పెడితే పిండిపదార్థం వల్ల రక్తంలోని భాస్వరం, పొటాషియం ఉన్నపళంగా కణాల్లోకి వెళ్లిపోతాయి, గుండె ఆగిపోవచ్చు. ఆకలితో ఉన్నప్పుడు చావని గుర్రం, తిండి దొరికిన మూడో రోజో నాలుగో రోజో చస్తుంది. అందుకే వైద్యుడు ఎండబెట్టిన లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) గడ్డి మాత్రమే, విడతకు అరకిలో లోపు, నాలుగు గంటలకు ఒకసారి చొప్పున రాత్రీ పగలూ వేయమన్నారు. పది రోజుల పాటు మెల్లగా పెంచుతూ పోవాలి.

పెద్దనాన్నకు ఇది మింగుడు పడలేదు. "గుర్రానికి ఉలవలు పెట్టకుండా గడ్డిపోచలు లెక్కపెట్టి వేసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను" అని రోజూ సాధించేవారు. ఆరో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పాక దగ్గర ఖాళీ సత్తుగిన్నె కనిపించింది, అడుగున రెండు ఉలవ గుగ్గిళ్లు అంటుకుని ఉన్నాయి. రాత్రి తొమ్మిదికి మల్లి పదే పదే తల తిప్పి తన డొక్క వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. ఈగ వాలిందేమో అనుకున్నాను. తర్వాత ముందుకాలితో నేల తవ్వింది. పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుని దొర్లింది. డొక్కకు చెవి ఆనించాను. మామూలుగా అక్కడ గుడగుడలు వినిపిస్తూనే ఉండాలి. ఖాళీ బానకు చెవి పెట్టినట్టు ఉంది.

గుర్రానికి వాంతి రాదు. తిన్నది వెనక్కి రాదు, కిందికే పోవాలి. వైద్యుడు పదకొండుకు వచ్చి ముక్కులో నుంచి గొట్టం వేసి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, దొర్లకుండా మెల్లగా నడిపించమన్నారు. పెద్దనాన్న తాడు నా చేతికి ఇవ్వలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు మల్లి లద్దె వేసేదాకా, చీనీ చెట్ల మధ్య ఆ ముసలాయనే నడిపించారు. ఒక్క మాట మాట్లాడలేదు. లద్దె చూసి ఇద్దరం మురిసిపోయాం, నవ్వుకోకండి, మీకూ ఆ రోజు వస్తుంది. ఆ తర్వాత మూడు నెలల పాటు ఆయన ఉలవల ఊసెత్తలేదు.

మన ఎర్రనేలల్లో ఇంకో ముప్పు ఉంది. గడ్డి నేల మీద వేస్తే దానితో పాటు ఇసుక కడుపులో చేరుతుంది. తొట్టిలో వేయండి. అనుమానం వస్తే లద్దెను నీళ్లలో కలిపి ఒక పూట ఉంచండి, అడుగున ఇసుక తేరితే వైద్యుడికి చెప్పండి. వేరుశనగ కట్టె బూజు పట్టినదైతే ఎద్దు ఓర్చుకుంటుందేమో, గుర్రం ఓర్చుకోదు. రోజుకు ఇరవై అయిదు, ముప్పై లీటర్ల నీళ్లు, ఒక ఉప్పు గడ్డ తప్పనిసరి. అంతా కలిపి నాకు నెలకు తొమ్మిది, పది వేలు అవుతోంది. గిట్టలు ఆరేడు వారాలకు ఒకసారి కత్తిరించాలి. ఎద్దులకు నాడాలు కొట్టేవారి చేతికి ఇవ్వకండి, చీలిన గిట్ట పని వేరు, గుర్రపు గిట్ట పని వేరు. నేను కర్నూలు నుంచి పాత జట్కావాళ్ల మనిషిని పిలిపిస్తాను.

ఇప్పుడు మీరు అసలు అడిగిన నేర్పడం సంగతి. మల్లి నోటి మూలల్లో తెల్లని మచ్చలు ఉన్నాయి. "ముళ్ల కళ్లెం" అన్నారు పెద్దనాన్న చూడగానే. బండి లాగే, బరువు మోసే పశువులను హింసించకుండా పెట్టిన 1965 నాటి నిబంధనలు దాన్ని ఎప్పుడో నిషేధించాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండికీ బరువుకీ పశువును వాడకూడదని కూడా అందులోనే ఉంది. అమలు సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. మేము నోట్లో ఇనుము పెట్టడం మానేసి, తలకు మెత్తటి తాడు మాత్రమే కట్టాం. ఎదురుగా వెళ్లకుండా ఎడమ భుజం వైపు నుంచి వెళ్లాలి, ఎందుకంటే నుదుటికి సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనక దానికి కనిపించదు. తాడు కాస్త బిగబట్టి, అది ఒక్క అడుగు వేయగానే వదులు చేయాలి. ఆలస్యం చేస్తే ఏ అడుగుకు వదిలామో దానికి తెలియదు. నడక, ఆగడం, వెనక్కి జరగడం, గిట్ట ఎత్తి ఇవ్వడం... ఇవి రెండు నెలల్లో వచ్చేశాయి. గర్వపడ్డాను కూడా.

ఆగస్టులో పీర్ల పండుగ వచ్చింది. నార్పల దగ్గరి గూగూడులో కుళ్లాయిస్వామి పీరు పేరున జరిగే ఈ ఉత్సవాలు మా వైపు ఎలా జరుగుతాయో మీకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రి ఊళ్లో తప్పెటలు మొదలయ్యాయి. పాకలోకి టార్చి వేసి చూస్తే, చీకట్లో, ఎవరూ అడగకుండా, మల్లి దరువుకు సరిగ్గా కాళ్లు మార్చి మార్చి ఎత్తుతోంది. మెడ మీద నుంచి చెమట కారుతోంది. కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తోంది. నాతో వచ్చిన పిల్లలు "భలే ఆడుతోంది సార్" అని చప్పట్లు కొట్టారు. అది ఆట కాదు. దరువు వినిపించినప్పుడు కాలు ఎత్తకపోతే దెబ్బ పడుతుందని నేర్చుకుంది. ఇక్కడ దెబ్బ వేసేవారు లేరని దానికి ఎవరు చెబుతారు?

మీరు తెచ్చుకునే గుర్రానికీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. అదేమిటో తెలిసేదాకా వీపు మీద జీను వేయవద్దు.

తప్పెట చప్పుడు ఫోనులో రికార్డు చేసి, తువ్వాలులో చుట్టి, నలభై అడుగుల దూరంలో పెట్టి వినిపించడం మొదలుపెట్టాను. మొదట ఒక పొరపాటు చేశాను. ముందు మేత బకెట్ పెట్టి, అది తింటుండగా చప్పుడు పెట్టేవాణ్ణి. వారం తిరిగేసరికి బకెట్ చూస్తేనే బెదరడం మొదలుపెట్టింది! మేత వచ్చిందంటే చప్పుడు రాబోతోందని దానికి అర్థమైంది మరి. అప్పుడు వరస మార్చాను. ముందు చప్పుడు, వెంటనే గడ్డి. చప్పుడు ఆగితే గడ్డి తీసేయడం. చెవులు బిగుసుకుని తల పైకి లేచిందంటే దూరం పెంచేవాణ్ణి. ఫోను దగ్గర నుంచి నిజమైన తప్పెట దగ్గరికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇప్పటికీ పండుగ పెద్ద రోజుల్లో దాన్ని మా బావమరిది తోటకు పంపిస్తాను. మిగతా రోజుల్లో దరువు వినిపిస్తే ఒక కాలు ఎత్తుతుంది, కాసేపు అలాగే ఉంచుతుంది, దింపి మేతలో పడుతుంది.

ఇక వీపు ఎక్కకపోవడం సంగతి. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని లెక్క. ఏడాదికి మల్లి 280 కిలోలకు చేరింది. అంటే జీనుతో కలిపి 56 కిలోలు. నేను 72. మా అమ్మాయి 38 కిలోలు ఉంటుంది కనుక వారానికి రెండు రోజులు, సాయంత్రం పావుగంట, అదీ నడకే. పెద్దనాన్న పక్కన తాడు పట్టుకుని నడుస్తారు.

మీరు చూసిన గుర్రం ఏ కాలు కుంటుతోంది? ఛాతీ చుట్టుకొలత, పొడవు కొలిచి, మీ ఇంట్లో ఎక్కబోయేవారి బరువుతో సహా రాయండి. స్వారీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.