వాగు ముందు ఆగు, అమ్ములూ

చిరంజీవి అమ్ములుకు పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దసరా సెలవుల్లో నువ్వూ, నీ ఆఫీసు స్నేహితులు ఇద్దరూ సైకిళ్ళ మీద హైదరాబాద్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా మెదక్ వెళ్తున్నారట. అక్కడి నుంచి మంజీర నది ఒడ్డున మట్టి బాటల్లో ఏడుపాయల గుడికి, ఆ తర్వాత పోచారం అడవికి. "మీరైనా వద్దని చెప్పండి బావగారూ" అంది. నేను వద్దని చెప్పను. కానీ ఫోన్ పెట్టేశాక తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. ఆ కాలువ గట్ల మీద పన్నెండేళ్ళు సైకిల్ తొక్కినవాణ్ణి నేను. మన ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ఆ దారులు ఎలా ఉంటాయని అడగలేదు. నువ్వు అడగకుండానే బయల్దేరుతున్నావు. సంతోషమూ టెన్షనూ రెండూ ఉన్నాయి బిడ్డా, అందుకే ఈ ఉత్తరం.

హెల్మెట్, నీళ్ళు, ముందూ వెనకా లైట్లు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు కొన్న గ్రావెల్ సైకిల్, అంటే మట్టి బాటల మీద కూడా తొక్కే సైకిల్, ఎలా ఉంటుందో మీ తమ్ముడు ఫోన్‌లో చూపించాడు. హ్యాండిల్ రేసు సైకిల్‌లాగా వంగి ఉంది, టైరు మాత్రం లావు, 40 మిల్లీమీటర్లట. మంచిది. తారు రోడ్డు దిగగానే గాలి కొంచెం తగ్గించుకో. ట్యూబ్ లేని టైరు, లోపల మందు పోసి ఉంటుంది, ముల్లు గుచ్చుకున్నా అదే మూసుకుంటుంది అన్నాడు. పల్లేరు కాయలకు అది సరిపోతుందేమో. సర్కారు తుమ్మ ముల్లు వేలంత ఉంటుంది, దాని సంగతి వేరు. ఒక ట్యూబు, పంపు దగ్గర ఉంచుకో.

నర్సాపూర్ వైపు ఎర్ర చెల్క నేల. వాన పడినా తొందరగానే ఆరిపోతుంది. మంజీర దగ్గరికొచ్చే కొద్దీ రేగడి తగులుతుంది. తడిసిన రేగడిలోకి సైకిల్ దింపితే పది గజాలు పోదు. మట్టి చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని రాయిలా బిగుసుకుంటుంది, తోసినా కదలదు, భుజాన ఎత్తుకోవాల్సిందే. ముందురోజు రాత్రి వాన పడితే పొద్దున ఆ బాట మానెయ్యండి. రోడ్డు మీదే వెళ్ళండి, అదేమీ తక్కువ కాదు.

మంజీర మీది ఘనపూర్ ఆనకట్ట చూడకుండా రావద్దు. 1905లో కట్టారు. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు పోతాయి. ఆ పన్నెండేళ్ళ ఉద్యోగమంతా వాటి గట్ల మీదే గడిచింది. కాలువకు జీపు పోయే గట్టు ఒకవైపే ఉంటుంది, రెండో వైపు మనిషి నడిచే బాటే. జీపు గట్టు పట్టుకోండి. గడ్డి ఏపుగా పెరిగిన చోట దిగి నడవండి, కింద ఎండ్రకాయల బొరియలు ఉంటాయి, చక్రం దిగబడుతుంది. పొద్దున ఆరింటికి ఆ గట్టు మీద ఒకవైపు వరి, ఇంకోవైపు నీళ్ళు, కొంగలు లేస్తుంటాయి. ఆ గాలి నేను ఇంకెక్కడా పీల్చలేదు. మీ పెద్దమ్మను పెళ్ళయిన కొత్తలో కారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. ఒడిలో జొన్న రొట్టెల మూట పట్టుకుని దారంతా మాట్లాడలేదు. ఎందుకని అడిగితే, చూస్తున్నాను కదా అంది.

అమ్ములూ, ఇక పొలాల సంగతి. అక్కడ మక్క చేలకు అడవి పందుల బెడద. కొందరు రాత్రిపూట చేను చుట్టూ ఇనుప తీగ కట్టి కరెంటు పెడతారు. అది నేరం, అయినా పెడతారు. మనుషులు చనిపోయారు. సన్నటి తీగ, మోకాలెత్తున ఉంటుంది, మసక చీకట్లో కనపడదు. పొద్దు గూకాక, తెల్లారక ముందు చేలకు అడ్డం పడి వెళ్ళొద్దు. మ్యాప్‌లో దగ్గరి దారి చూపించినా సరే. నాకు పాము భయం లేదు, కుక్క భయం లేదు. ఆ తీగ భయం ఉంది.

తీగ కన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

1989లో సద్దుల బతుకమ్మ రోజు. అప్పుడు మన ఇల్లు మెదక్‌లోనే. నా సైకిల్ రిపేరులో ఉంటే పొద్దున మీ నాన్న సైకిల్ తీసుకుని డ్యూటీకి పోయాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ అట్లాస్ సైకిల్ కొని ఇంకా ఆరు నెలలు కాలేదు, రోజూ కొబ్బరి నూనె గుడ్డతో తుడిచేవాడు. సాయంత్రం మీ నానమ్మ కోసం గట్టు పక్కన తంగేడు, గునుగు కోసి, తడి గుడ్డ చుట్టి కారియర్‌కు కట్టాను. దారిలో ఒక వాగు. పెద్ద పేరున్నదేమీ కాదు, నలభై అడుగుల వెడల్పు. పొద్దున చీలమండ లోతు నీళ్ళలో తొక్కుకుంటూ దాటాను.

సాయంత్రం నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి. మీద నురగ, పుల్లలు, ఎండుటాకులు కొట్టుకొస్తున్నాయి. నా తల మీద చుక్క పడలేదు, ఎండ కూడా ఉంది. పడమటి దిక్కున మాత్రం ఆకాశం నల్లగా ఉంది. వాన నా దగ్గర కాదు, ఎగువన పడింది. నీళ్ళతోనే ఉద్యోగం చేసేవాణ్ణి, నాకు తెలియకనా? తెలుసు. పూలు వాడిపోతాయని, అమ్మ ఎదురుచూస్తుందని దిగాను. సైకిల్‌ను పక్కన పెట్టుకుని నడిపిస్తున్నాను. సగం దాటేసరికి తొడల దాకా వచ్చింది. ప్రవాహం వెనక చక్రాన్ని పట్టుకుని తిప్పింది. అక్కడే వదిలేస్తే నేను నిలబడేవాణ్ణి. వదల్లేదు. తమ్ముడి సైకిల్, కొత్తది, ఎలా వదలను అనుకున్నాను. అది నా మీదికే పడింది, కాలు ఫ్రేములో ఇరుక్కుంది, నీళ్ళలోకి పోయాను.

ఎంతసేపో తెలియదు. ఒక తుమ్మ చెట్టుకు తగిలి ఆగాను. ఒడ్డున గొర్రెలు కాసే పెద్దాయన ఒకడు గొంగడి విసిరి, దాని కొస పట్టుకోమని అరిచాడు. పట్టుకున్నాను. బయటపడి చూస్తే పూలు నీళ్ళ మీద విడిపోయి పోతున్నాయి, పచ్చగా. సైకిల్ దొరకలేదు. మరునాడు కిలోమీటరు దూరం వెతికాను.

ఇంట్లో సైకిల్ బస్టాండ్‌లో ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాను. చొక్కా తడిసిందేమని అమ్మ అడిగితే వాన అన్నాను. మీ నాన్న ఆ సంవత్సరమంతా కాలేజీకి నడిచే వెళ్ళాడు. నన్ను ఒక్కమాట అనలేదు. రెండేళ్ళ తర్వాత కొనిచ్చాను, అప్పటికి వాడి ఇంటర్ అయిపోయింది.

నీ సైకిల్ లక్ష రూపాయలు దాటిందని మీ అమ్మ చెప్పింది. రెండేళ్ళు జీతంలోంచి దాచుకుని కొన్నావని కూడా. అదే నా భయం. ఎంత కష్టపడి కొన్నదైతే చెయ్యి అంత గట్టిగా పట్టుకుంటుంది. నీళ్ళు ఎర్రగా ఉన్నా, నురగ కనపడినా, అడుగు కనపడకపోయినా దిగొద్దు. మోకాలి లోతున పారే నీళ్ళు చాలు మనిషిని పడెయ్యడానికి. వెనక్కి తిరిగి ఇరవై కిలోమీటర్లు చుట్టి రండి, లేదా ఊళ్ళో ఎవరి అరుగు మీదైనా పడుకోండి, అన్నం పెడతారు. ఒకవేళ ఎలాగో నీళ్ళలో చిక్కుకుంటే సైకిల్‌ను వదిలెయ్. ఇంకోటి నేను కొనిస్తాను. వదిలెయ్ తల్లీ.

ఏడుపాయల దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలుతుంది. ఎగువన సింగూరు డ్యాం గేట్లు ఎత్తితే గుడి ముందు నుంచే వరద పారుతుంది, దర్శనాలు ఆపేస్తారు. దసరా నాటికి సింగూరు నిండి ఉండే రోజులు. బయల్దేరే పొద్దున గేట్ల సంగతి కనుక్కో. స్నానానికి ఘాట్ దాటి లోపలికి పోవద్దు, ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. మంజీరలో మొసళ్ళు కూడా ఉన్నాయి. నన్నడిగితే ఫిబ్రవరిలో వెళ్ళమంటాను, మోదుగలు పూస్తాయి, వాగులు ఎండి ఉంటాయి. శివరాత్రి జాతర రోజులు తప్పించుకుంటే చాలు. నువ్వు సెలవులు పెట్టేశావు కాబట్టి ఆ మాట మీద పట్టుబట్టను. పోచారంలో ఫారెస్టు వాళ్ళను అడిగి, వాళ్ళు వెళ్ళమన్న దారిలోనే వెళ్ళండి.

ఏ రోజు ఏ ఊళ్ళ మీదుగా వెళ్తారో కాగితం మీద రాసి నాకు ఇవ్వు. ఫోన్‌లో పంపినా సరే, కానీ కాగితమైతే గోడకు అంటించుకుంటాను. 1989లో నేను ఏ వాగు దగ్గర ఉన్నానో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ప్రతి సాయంత్రం ఒక ఫోన్ చెయ్యి. సిగ్నల్ లేకపోతే సిగ్నల్ ఉన్న ఊరికి చేరాక, ఎంత రాత్రయినా.

ఆదివారం సైకిల్ తీసుకుని మా ఇంటికి రా. ఎంత బరువుందో ఎత్తి చూస్తాను. మీ నాన్ననూ వెంటబెట్టుకుని రా. ఆ అట్లాస్ సంగతి వాడికి నేనే చెప్పాలి.

ఇట్లు,
నీ పెద్దనాన్న