త్రీడీ యాప్‌లో అర్థమవుతుంది, వైవాలో గుర్తు రాదు: సమాధానం

బ్రాకియల్ ప్లెక్సస్‌ను (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లికను) అనాటమీ త్రీడీ యాప్‌లో ఎన్నిసార్లు తిప్పి చూసినా వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, నోరు పెగలడం లేదని రాశారు. టెన్షన్ పడకండి, మీ తెలివికి లోటేమీ లేదు. యాప్‌లో పేరు పక్కనే కనిపిస్తుంది కాబట్టి వచ్చేసినట్టే అనిపిస్తుంది. వైవాలో ఆ పేరు మీరే గుర్తు తెచ్చుకోవాలి. ఆ అభ్యాసమే తక్కువైంది.

అంకి అనే ప్రశ్న-జవాబు కార్డుల సాఫ్ట్‌వేర్ వాడండి. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. అందులో ఇమేజ్ అక్లూజన్ అని ఉంటుంది: బొమ్మ పెట్టి పేర్ల మీద డబ్బాలు కప్పేస్తే ఒక్కో డబ్బా ఒక్కో ప్రశ్న అవుతుంది. మొదటి రోజు సీ5 నుంచి టీ1 వరకు (ఇవి మెడ, ఛాతీ దగ్గరి వెన్ను నరాల సంఖ్యలు) 5 రూట్లు, 3 ట్రంకులు చాలు. డివిజన్లు, కార్డ్‌లు, చివరి 5 నరాలు తర్వాత. ఎవరో చేసిన డెక్ (కార్డుల కట్ట) దించుకోకండి. మీ క్లాసులో గీసిన బొమ్మతో మీరే చేసుకుంటే సగం చదువు అక్కడే అయిపోతుంది. ఆపైన యాప్ మూసేసి తెల్లకాగితం మీద గీయండి. తప్పులు దిద్దుకోవడానికే మళ్లీ తెరవండి.

ఫిజియాలజీకి ఇది చాలదు. కార్డియాక్ సైకిల్ (గుండె ఒకసారి కొట్టుకునేటప్పుడు జరిగే క్రమం) వీడియోను మధ్యలో ఆపి, ఇప్పుడు ఏ వాల్వు తెరిచి ఉంది, ఎందుకు అని పైకే చెప్పండి. ముఖ్యంగా వెంట్రికిల్ (గుండె కింది గది) సంకోచం మొదలైన క్షణంలో నాలుగు వాల్వులూ మూసే ఉంటాయి. అక్కడే చాలామంది తడబడతారు.

ఎముకలు మాత్రం స్క్రీన్ మీద వద్దు. సీనియర్లను అడిగి హ్యూమరస్ (భుజం నుంచి మోచేతి వరకు ఉండే ఎముక) తెచ్చుకుని, రేడియల్ నరం వెళ్లే గాడిని వేలితో తడిమి చూడండి.