లక్షా ఎనభై వేల లిస్టులో ముందు ఏది కొనాలి?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా అబ్బాయి బీటెక్ ఈసీఈ రెండో ఏడాది. ఇంట్లోనే మ్యూజిక్ చేస్తానంటూ రూ.1,80,000 లిస్టు చేతిలో పెట్టాడు. మ్యాక్‌బుక్, కండెన్సర్ మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, మానిటర్ స్పీకర్లు, మిడీ కీబోర్డు, గోడలకు ఫోమ్, అన్నీ కావాలంటాడు. చిన్నప్పుడు నాలుగేళ్లు గాత్రం నేర్చుకున్నాడు. చదువు మానేస్తాడేమోనని వాళ్ల నాన్నగారికి టెన్షన్. కొనిపెట్టమంటారా? వాడు ఫోన్‌లో పాడి రికార్డు చేసిన ముక్క ఒకటి పంపుతున్నాను.

జవాబు: అమ్మా, లిస్టు పక్కన పెట్టి ముందు ఆ ముక్కే విన్నాను, మూడుసార్లు. శ్రుతి నిలబడింది. పై షడ్జం దగ్గర కాస్త వణికాడు, సాధన మానేసినవాళ్లందరూ వణికే చోటే అది. ఇక గొంతు వెనకాల ఫ్యాన్ గరగర, 40వ సెకను దగ్గర మీ కుక్కర్ విజిల్, ప్రతి మాట చివరా ఖాళీ గదిలో మాట్లాడినట్టు గింగురు.

ఇదే గదిలో ఆ కండెన్సర్ మైకు పెట్టారనుకోండి, విజిల్ ఇంకా స్పష్టంగా పడుతుంది. చిన్న చప్పుడు కూడా వదలకపోవడమే దాని గొప్ప. అందుకే నేను కొనుగోళ్లు మైకుతో మొదలుపెట్టను, గదితో మొదలుపెడతాను. గదికి పెద్దగా ఖర్చు కూడా లేదు.

టైల్స్ నేల, బోసి గోడలు ఉన్న గదిలో గొంతు గోడకి కొట్టుకుని తిరిగి మైకులో పడుతుంది. దాన్ని పీల్చేది మందంగా, మెత్తగా ఉండాలి. పత్తి పండే జిల్లాలో ఉన్నారు, ఇంట్లో దూది పరుపు లేకుండా ఉండదు. దాన్ని వాడి వెనక గోడకు నిలబెట్టండి. మైకు వెనకవైపు బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి ఉంచండి. కింద బొంత పరవండి. ఇంత చేసి మళ్లీ అదే ముక్క ఫోన్‌లోనే పాడించి రెండూ పక్కపక్కన వినండి, తేడా మీకే తెలుస్తుంది. లిస్టులోని పల్చటి ఫోమ్ ముక్కలు పై స్థాయి గరుకుని కొంచెం తగ్గిస్తాయి, అంతే. వీధిలో వెళ్లే ఊరేగింపు మైకునీ, పక్కింటి టీవీనీ అవి ఆపలేవు. కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే అసలే వినకండి, వాటివల్ల అయ్యేది గోడ పాడవడమే. బయటి చప్పుడికి మందు ఒకటే, రాత్రి 10 దాటాక ఫ్యాన్ ఆపి రికార్డు చేయడం. మే నెల గుంటూరులో అదెంత కష్టమో నాకు తెలుసు. ఐదేసి నిమిషాలు పాడి, ఫ్యాన్ వేసుకుని, మళ్లీ పాడమనండి.

మ్యాక్‌బుక్ ఇప్పుడే వద్దు. కాలేజీ కోసం కొన్న ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ ఉండి, ర్యామ్ 8 జీబీ ఉంటే మొదలుపెట్టొచ్చు. 16కి పెంచే వీలుంటే మరీ మంచిది. పాట రికార్డు చేసి కలిపే సాఫ్ట్‌వేర్‌గా రీపర్ చాలు. 60 రోజులు అన్ని సౌకర్యాలతో ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బుల్లో ఐదు వేల పైచిలుకు. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్ మీద చేస్తానంటే ఒక్కటి చెప్పండి, అందులో సేవ్ చేసిన ప్రాజెక్టుని కొనేదాకా మళ్లీ మామూలుగా తెరవలేడు. కంప్యూటర్‌లోనే మోగే వాయిద్యాలకు స్పిట్‌ఫైర్ వాళ్ల ల్యాబ్స్, వైటల్ సింథ్ ఉచితంగా దొరుకుతాయి. తాళం విరగ్గొట్టి పంచే దొంగ కాపీలు, క్రాక్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు ఫ్రీగా వచ్చిందని సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ఓ ప్లగిన్ వేసుకుని, వైరస్ దెబ్బకి ఆరు నెలల పాటలతో పాటు కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు కూడా పోగొట్టుకున్నాడు.

గది కుదిరాక కొనాల్సిన మొదటి వస్తువు హెడ్‌ఫోన్స్. చెవిని పూర్తిగా మూసే రకం, ఆడియో టెక్నికా ఎమ్40ఎక్స్ లాంటిది. మానిటర్ స్పీకర్లు పది బై పది గదిలో బేస్ విషయంలో అబద్ధం చెబుతాయి, పైగా కింది వాటావాళ్లతో తగువు. అవి ఆఖరికి.

తర్వాత రెండు చానెళ్ల ఇంటర్‌ఫేస్, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పెట్టె, దాంతో డైనమిక్ మైకు. షూర్ ఎస్ఎమ్58 లాంటి డైనమిక్ మైకు నోటి దగ్గరి గొంతునే ఎక్కువ పట్టుకుంటుంది, మీ ఇంటికి అదే సరి. కండెన్సర్ మైకుకి ఇంటర్‌ఫేస్ నుంచి అందాల్సిన 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్ పవర్, దీనికి అక్కర్లేదు. నకిలీలు బజారులో చాలా ఉన్నాయి, బిల్లు ఇచ్చే అధీకృత డీలర్ దగ్గరే కొనండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ కొంటే దాంతో పాటు ఏబుల్టన్ లైవ్ లైట్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వస్తుంది.

మిడీ కీబోర్డు గురించి ఒక మాట. దానిలోంచి శబ్దం రాదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్నది మాత్రమే కంప్యూటర్‌కి చెబుతుంది. సంగతి తెలియక దుకాణానికి తిరిగి తీసుకెళ్లినవాళ్లని చూశాను. 25 మెట్లున్న చిన్నది చాలు, కానీ స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రమో జాయ్‌స్టిక్కో ఉండాలి. మెట్లు ఒక స్వరం మీద నుంచి ఇంకో స్వరం మీదికి దూకుతాయి, మన గమకం ఉండేది ఆ మధ్యలోనే కదా.

ఇక వాళ్ల నాన్నగారి భయం. ఈసీఈ చదువుతూ ఈ పని చేయడం నష్టం కాదు, నిజానికి అదృష్టం. సిగ్నల్స్ క్లాసులో నైక్విస్ట్ సిద్ధాంతం బట్టీపట్టే పిల్లలకి, సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి పెట్టేది (ఆ కొలతలే శాంపిళ్లు) ఎందుకో అడిగితే తోచదు. మనిషి చెవి పరిమితి దాదాపు 20,000 హెర్ట్జ్, దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ కావాలి, అంతే. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల లెక్క, 256 పెట్టి సెకనుకి 48,000 శాంపిళ్ల దగ్గర రికార్డు చేస్తే, ఆ ఒక్క బఫర్ వల్లే ఐదు మిల్లీసెకన్ల పైన ఆలస్యం అవుతుందని వాడే భాగించి చూసుకోగలడు. ఆడియో సాఫ్ట్‌వేర్, గేమ్ సౌండ్, హెడ్‌ఫోన్ల తయారీ, వీటన్నిటికీ డీఎస్‌పీ, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, తెలిసినవాడు కావాలి. సినిమా సౌండ్ వైపే పోతానంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలోనూ, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ సంస్థలోనూ మూడేళ్ల కోర్సులున్నాయి. రెండింటికీ ముందు డిగ్రీ ఉండాలి. కాబట్టి బీటెక్ మానేయడమంటే ఆ తలుపు తనే మూసుకోవడం. సంగీత దర్శకుడు అయిపోతానంటే మాత్రం నేను హామీ ఇవ్వలేను. డబ్బింగ్, యూట్యూబ్ చానెళ్లకు వాయిస్ సరిచేయడం, షార్ట్ ఫిలిం సౌండ్ లాంటి చిన్న పనులతో మొదలవుతుంది, మొదటి రెండేళ్లు చేతి ఖర్చులకు మించి ఆశించవద్దు.

ఆ పై షడ్జం కోసం గురువు దగ్గరికి మళ్లీ పంపండి. విజయవాడలో ఘంటసాల గారి పేరు మీదున్న ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, బాలమురళీకృష్ణ గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న చోటు. వెళ్లి కోర్సులు, వేళలు కనుక్కోండి.

డబ్బు ఇప్పుడు హెడ్‌ఫోన్స్‌కి మాత్రమే ఇవ్వండి. ఈ వేసవిలో నిమిషం నిడివి ముక్కలు పది పూర్తి చేయమనండి, మొదలుపెట్టినవి కాదు, పూర్తయినవి. పదోది నాకు పంపితే మైకు సంగతి మాట్లాడదాం. వాడు పాడే ఆ ఐదు నిమిషాలు కుక్కర్ మాత్రం దించేయండి.