చిన్నీకి, ఐక్యూ కిట్ తెరిచే ముందు

చిన్నీ,

స్కూల్లో పిల్లలకు ఐక్యూ పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంట్లో నా దారి పట్టినదానివి నువ్వొక్కదానివే. గర్వంగా ఉంది, అంతకు మించి టెన్షన్‌గా ఉంది.

కళ్లూ చెవులూ ముందు డాక్టరుకు చూపించమను. ఆకలితో ఉన్న పిల్లను కూర్చోబెట్టకు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటి చెప్తాను. ఒక స్కూలు నుంచి నా దగ్గరికి ఓ తండా పిల్లాడు వచ్చాడు. ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. అంతకుముందు ఎవరో మిసిక్ పరీక్షను, అంటే మన దేశపు పిల్లల కోసం మాలిన్ తయారుచేసిన ఐక్యూ పరీక్షను, మొత్తం ఇంగ్లీషులోనే చేసేశారు. మాటలతో జవాబు చెప్పే భాగంలో 66, బొమ్మలూ ముక్కలతో చేసి చూపించే భాగంలో 98. రెండూ కలిపి సగం చేస్తే 82. రిపోర్టులో ఆ 82 ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది! 66కూ 98కీ మధ్య అంత తేడా ఎందుకొచ్చిందని ఒక్కరూ అడగలేదు. నేను తెలుగులో అడిగితే ప్రశ్నలకు జవాబులొచ్చాయి. చిక్కుదారుల బొమ్మలైతే నవ్వుతూ గీసేశాడు. చదవమంటే మాత్రం ప్రతి పదం దగ్గరా ఆగిపోయాడు. అసలు కష్టం అక్కడుంది. కానీ కేంద్ర ప్రభుత్వ 2018 మార్గదర్శకాల ప్రకారం ఐక్యూ 85 దాటితేనే నిమ్హాన్స్ బ్యాటరీ దాకా, అంటే చదవడం, రాయడంలో ఉన్న ప్రత్యేక ఇబ్బందిని తేల్చే పరీక్షల దాకా, వెళ్లేది. ఆ 82 వాడి దారి మూసేసింది. ఆలోగా టీచర్లు వాణ్ణి వెనక బెంచీకి పంపేశారు. వాళ్లమ్మ నన్నడిగిన మాట ఇది: "మావాడికి బుర్ర లేదా మేడమ్?"

1905లో పారిస్‌లో ఫ్రెంచ్ మనస్తత్వవేత్తలు బినే, సైమన్ ఇలాంటి పరీక్షలకు మూలమైన పరీక్షను తయారుచేసింది ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో తెలుసుకోడానికి. పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి కాదు. మనవాళ్లు ఇది మరిచి ర్యాంకుల పిచ్చిలో పడ్డారు, సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మొదట అడుగు. ఏ భాషలో పరీక్ష చేశావో రిపోర్టులో రాయి. ఒక్క మొత్తం అంకె రాసి ఊరుకుంటే మాత్రం నేనూరుకోను. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, బిడ్డకు ఏం వచ్చో ముందు చెప్పు. రోజుకు ఎంతమందిని పరీక్షించాలని మేనేజ్‌మెంట్ ఒత్తిడి చేస్తుందో నాకు తెలుసు. కుదరదని చెప్పు, గట్టిగానే చెప్పు. నువ్వసలే మెతకదానివి, అదే నా భయం. వేళకు తిను.

మొదటి రిపోర్టు పిల్లాడి పేరు కొట్టేసి నాకు పంపు. ఎర్ర పెన్ను తీసి పెట్టుకున్నాను.

మీ అత్తయ్య