ఓటర్ల జాబితాలో పసిపిల్లలు ఉండరు కదా!

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది గాజువాక దగ్గర స్టీల్‌ప్లాంట్ నిర్వాసిత కాలనీ. ఒకప్పుడు అందరం ఒక్క ఊరివాళ్ళమే. ఇప్పుడు ఏ ఇంటి వెనక చూసినా అద్దె గదులే. ఒరియా, బెంగాలీ, బీహారీ కుటుంబాలు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు ఉంటున్నారు. ఇంకో అంగన్‌వాడీ, ఒక కమ్యూనిటీ హాలు కావాలని అర్జీ పెడితే "మీ దగ్గర ఓటర్లు ఇంతమందే కదా" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: అమ్మా, ఓటర్ల జాబితా చూసి అంగన్‌వాడీ ఇస్తారా ఎక్కడైనా! అక్కడికి వచ్చేది ఆరేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు. పిల్లలకి ఓటే లేదు. వాళ్ళ అమ్మానాన్నల ఓటు బరంపురంలోనో గయలోనో ఉండిపోతుంది. కేంద్రం నిబంధన ప్రకారం 400 నుంచి 800 జనాభాకి ఒక అంగన్‌వాడీ ఉండాలి. అర్జీలో మొదటి వాక్యం ఇదే రాయండి.

అసలు చిక్కు జనాభా లెక్క దగ్గరే ఉంది. మన చేతిలో ఉన్న చివరి లెక్కలు 2011వి. అప్పుడు నాకు డ్యూటీ మీ వైపే పడింది. వీధి వరండాలో కుర్చీ వేసి, చల్లటి మజ్జిగ ఇచ్చి, "మేం నలుగురమే టీచరు గారూ" అనేవారు. పెరట్లోకి వెళ్తే రేకుల గదులు వరసగా, గుమ్మం గుమ్మానికీ ఒక పొయ్యి. ఒక వంట తినేవాళ్ళంతా ఒక కుటుంబం, అదీ జనాభా లెక్కల పద్ధతి. అంటే ఆ పెరట్లో ఎన్ని పొయ్యిలుంటే అన్ని కుటుంబాలు. గదులు చూపిస్తే ఇంటి పన్ను పెరుగుతుందని యజమాని భయం. అద్దెకున్నవాళ్ళేమో "మా పేర్లు ఊళ్ళో ఉన్నాయిలే" అని తప్పుకునేవారు. వాళ్ళ పిల్లలు అక్కడా ఇక్కడా కూడా లెక్కకి రాకపోతే పాలు, గుడ్లు ఎవరి పేరున వస్తాయి?

జనాభా లెక్కింపు మళ్ళీ 2027 ఫిబ్రవరికి పెట్టారు. ఈసారి మీ వీధిలో ప్రతి గదీ చూపించమని అందరికీ చెప్పండి. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఒక మనిషి చెప్పిన వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. పన్నుకీ దీనికీ సంబంధం లేదు. మాతృభాష, పుట్టిన చోటు, ఎందుకు వలస వచ్చారో కూడా అడుగుతారు. సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అంతదాకా ఆగక్కర్లేదు. మీరే ఇల్లిల్లూ తిరిగి వయసుల వారీగా రాసుకోండి. ఒరియా, హిందీ వచ్చిన అమ్మాయిని ఎవరినైనా వెంటబెట్టుకోండి, లేకపోతే పిల్లల వయసులు సరిగ్గా తేలవు. ఆధార్ నంబర్లు మాత్రం అడగొద్దు, అనవసరంగా టెన్షన్ పడతారు. మీ కాలనీలో ముందు ఇంట్లో మోకాళ్ళ నొప్పులు, బీపీతో పెద్దవాళ్ళు, వెనక గదుల్లో చంటిపిల్లలు ఉంటారని నా అంచనా. నగరంలో సుమారు 50 వేల మందికి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం ఉండాలి. మీ కేంద్రం ఎంతమందికి పనిచేస్తోందో అదీ అడగండి.

నన్నడిగితే హాలు తర్వాత. పనికి వెళ్ళే తల్లి చంటిదాన్ని ఎనిమిదేళ్ళ అక్కకి అప్పగించి వెళ్తోందంటే, ఆ అక్క బడి మానేసినట్టే. ఆ పిల్లని ముందు బడికి పంపించాలి. ఐదో తరగతి దాకా కిలోమీటరులోపు బడి ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని చేర్చుకోకుండా పంపెయ్యకూడదు. రేషన్ కార్డు ఒడిశాదైనా బీహార్‌దైనా బియ్యం ఇక్కడే తీసుకోవచ్చు, ఆ మాట కూడా వాళ్ళకి చెప్పండి.

1971లో ప్లాంటుకి శంకుస్థాపన జరిగాక ఊళ్ళు వదిలి వచ్చిన కుటుంబాలు మీవి. కొత్తచోట నీళ్ళ కోసం, బడి కోసం తిరగడం ఎంత కష్టమో మీ అత్తగారి తరాన్ని అడిగితే చెబుతారు. అందుకే ఈ అర్జీ మీద ఇళ్ళ యజమానులతో పాటు అద్దెకున్నవాళ్ళ సంతకాలు కూడా ఉండాలని నా పట్టుదల. వయసుల పట్టిక జతచేసి ఒక ప్రతి వార్డు సచివాలయంలో, ఒకటి అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఆ తల్లుల్లో ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్ళండి.