మధ్యాహ్నం తలనొప్పి: ప్యూరిఫయర్ కొనే ముందు ఇది చూడండి

అన్నా, మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన ఆఫీసు, ఒకే గదిలో తొమ్మిది మంది, ఊక దుమ్ము రాకుండా కిటికీలన్నీ మూసి స్ప్లిట్ ఏసీ, మూడింటికల్లా తలనొప్పి, మగత, ఇంటికెళ్తే మామూలే అని రాశారు. ఇంటికెళ్లగానే తగ్గుతోందంటే నా అనుమానం గది గాలి మీదే.

ముందుగా ఒక్కటి అడుగుతాను. జనరేటర్ ఎక్కడుంది? పొగ లోపలికొచ్చే చోట ఉంటే ఈరోజే జరిపించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలు తీస్తుంది. కరెంటు పోయినప్పుడే తలనొప్పి వస్తుంటే అందరూ వెంటనే బయటికి వచ్చేయండి.

అది కాకపోతే, మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. మీరు వదిలే కార్బన్ డయాక్సైడ్ గదిలోనే పేరుకుంటుంది. బయట అది సుమారు 420 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 420 భాగాలు. లోపల 1000 దాటితే గాలి సరిపడా మారట్లేదని లెక్క. ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచేది) ఉన్న మీటర్‌తో మధ్యాహ్నం పూట చూడండి.

మీ ఓనర్ కొంటానన్న ప్యూరిఫయర్ దుమ్ము పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే పెడితే తలుపు సందుల్లోంచి మిల్లు దుమ్మును లాగేస్తుంది. అందుకే మిల్లు వైపు కాకుండా గదికి అవతలి గోడకు, ఫిల్టర్ పెట్టి, గాలిని లోపలికి తోసే ఫ్యాన్ బిగించమనండి. లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము రావడం తగ్గుతుంది. ఏసీ ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి, చీపురు మానేసి తడిగుడ్డతో తుడిపించండి. ఎవరికైనా ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించాల్సిందే.