మానిటర్ మోగినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతోంది!

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. నా భార్యకు 30 వారాలకే కాన్పయింది. బాబు బరువు 1,250 గ్రాములు. తొమ్మిది రోజులుగా తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఉన్నాడు. మానిటర్ మోగినప్పుడల్లా టెన్షన్. ఇన్ఫెక్షన్ రాబోతోందని ముందే చెప్పే మెషీన్లున్నాయని యూట్యూబ్‌లో చూశాను. ఇక్కడ అది లేదన్నారు. చెన్నైకి మార్చమంటారా?

జవాబు: ముందు ఆ మోత సంగతి చెబుతాను. చాలాసార్లు అది బాబు కాలు కదిపినప్పుడు దానికి చుట్టిన ప్రోబ్ (మానిటర్‌కు కలిపే సెన్సర్) జారడం వల్లే వస్తుంది. కొన్నిసార్లు నిజంగానే శ్వాస కాసేపు ఆగుతుంది. నెలలు నిండని పిల్లల మెదడుకు ఊపిరి తీయించే పని ఇంకా పూర్తిగా అలవాటు కాదు. నర్సు అరికాలిని మెల్లగా తడితే మళ్లీ అందుకుంటారు. దీనికి ఇచ్చే మందు కెఫీన్, మన కాఫీలో ఉండేదే!

మీరు చూసిన మెషీన్ అబద్ధం కాదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం డాక్టర్లు తయారుచేసిన పద్ధతి అది. పేరు హీరో. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ గుండె వేగం క్షణక్షణం కాస్త మారుతూ ఉంటుంది. గ్రాఫ్ గీస్తే తిరుమల ఘాట్ రోడ్డులా మెలికలు తిరుగుతుంది. రక్తంలో ఇన్ఫెక్షన్ మొదలయ్యేటప్పుడు ఆ మెలికలు తగ్గి గీత సాపుగా అవుతుంది, మధ్యమధ్యలో గుంతలు పడతాయి. పైకి బిడ్డ బాగానే కనిపిస్తున్నప్పుడే ఈ మార్పు రావచ్చు. కంప్యూటర్ దాన్ని లెక్కగట్టి ఒక అంకె చూపిస్తుంది. 2 అని వస్తే, రాబోయే 24 గంటల్లో ఇన్ఫెక్షన్ బయటపడే అవకాశం మామూలు కంటే రెట్టింపని అర్థం. అంతేకానీ వచ్చేసిందని కాదు.

అక్కడి 9 ఆసుపత్రుల్లో 1,500 గ్రాముల లోపు పిల్లలు మూడు వేల మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. అంకె డాక్టర్లకు కనిపించిన పిల్లల్లో మరణాలు 8.1 శాతం, కనిపించని వాళ్లలో 10.2 శాతం. చిన్న తేడా కాదు. అయితే ఊపిరితిత్తుల ఇబ్బంది వచ్చినా ఆ అంకె పెరుగుతుంది. పెరిగిన ప్రతిసారీ రక్తం తీయలేం కదా. మీ బాబు ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే ఓ చిన్న టీ గ్లాసుడు.

మెషీన్ హెచ్చరిక మాత్రమే ఇస్తుంది. ఆ తర్వాత జరగాల్సిన పని ఎక్కడైనా ఒకటే: డాక్టర్ వచ్చి చూడటం, బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) పంపడం, రిపోర్టుకు రెండు రోజులు పడుతుంది కాబట్టి అనుమానం బలంగా ఉంటే ఈలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. కాబట్టి ఆ ఒక్క మెషీన్ కోసం నిలకడగా ఉన్న బిడ్డను 130 కిలోమీటర్లకు పైగా అంబులెన్సులో తిప్పమని నేను చెప్పను. దారిలో ఒళ్లు చల్లబడితే అదే పెద్ద ప్రమాదం. ఆపరేషన్ అవసరమైతేనో, ఇక్కడ చేయలేని వైద్యం కావాల్సి వస్తేనో అది వేరే మాట. అలాంటప్పుడు మీ డాక్టరే చెబుతారు.

మీ ఉత్తరంలో బాబు తల్లి ఎక్కడుందో రాయలేదు. పచ్చి బాలింత గడప దాటకూడదని ఇంట్లో ఉంచేశారేమోనని నా అనుమానం. ఆమెకు నడిచే ఓపిక వచ్చి ఉంటే తిరుపతికి తీసుకురండి, ఆసుపత్రి దగ్గర్లో ఒక గది చూడండి. ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడటంలో తల్లిపాలకు సాటి లేదు, గొట్టం ద్వారా పట్టినా సరే. డాక్టర్ సరేనంటే బిడ్డను రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవచ్చు. ఆమె అలసిపోతే చొక్కా విప్పి మీరూ కూర్చోవచ్చు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. లోపలికి వెళ్లే ప్రతిసారీ ఉంగరాలు, వాచీ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి.

అలా పక్కనే ఉండే తల్లి ఏదో ఒక రోజు 'వీడు ఇవాళ ఎందుకో నిన్నటిలా లేడు సార్' అంటే, నేనైతే లేచి వెళ్లి చూస్తాను. పాలు అరగకపోవడం, పొట్ట ఉబ్బడం, రంగు పాలిపోవడం, శ్వాస ఆగడం నిన్నటి కంటే ఎక్కువవడం... వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే నర్సుకు చెప్పండి.

మరొకటి. ఇంత ముందుగా పుట్టిన పిల్లలకు 30 రోజుల లోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలి. అప్పటికి డిశ్చార్జి అయినా, కాకపోయినా సరే. ఏ తేదీనో రేపే అడిగి ఫైలు మీద రాయించుకోండి.

— నవజాత శిశు వైద్యులు, తిరుపతి